పొద్దున్న వెలగని గ్యాస్ గీజర్ మధ్యాహ్నం వెలుగుతోంది, ఎక్కడ చూడాలి?

కొండమీద కాపురం (సెమిలిగూడ)

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం వైపు, ఉద్యోగం కోసం ఇక్కడ సెమిలిగూడలో అద్దెకుంటున్నాం. ఇంట్లో గ్యాస్ గీజర్ ఉంది, ఆరు లీటర్లది, ఓనరు గారు ముందే బిగించి ఇచ్చిందే. వేసవిలో దాని జోలికి పోలేదు. దసరా దాటాక వాడకం మొదలైంది, అప్పట్లో బాగానే నడిచింది, చలి ముదిరిన దగ్గర్నుంచి పేచీ పెడుతోంది.

తెల్లవారుజామున కుళాయి తిప్పగానే టిక్ టిక్ టిక్ మని కొట్టుకుంటుంది, మంట మాత్రం రాదు. కాసేపటికి ఆ చప్పుడు కూడా ఆగిపోతుంది. కట్టి మళ్లీ తిప్పితే మళ్లీ అదే వరస. ఎప్పుడైనా అదృష్టం బాగుండి అంటుకున్నా కొంచెంసేపు వెలిగి గుటుక్కుమంటుంది. అదే మధ్యాహ్నం ఎండెక్కాక తిప్పితే భగ్గున అంటుకుని వేడినీళ్లు శుభ్రంగా వస్తాయి. మధ్యాహ్నం వేడినీళ్లు ఎవరిక్కావాలి చెప్పండి?

సెల్లులు ఈమధ్యే మార్చాను. సిలిండరు వెనక వరండాలో ఉంటుంది, ఒకే సిలిండరు నుంచి టీ జాయింటు వేసి స్టవ్వుకీ గీజర్‌కీ పైపులు ఇచ్చారు. స్టవ్వు పొద్దున్న కూడా బాగానే మండుతోంది, కాబట్టి గ్యాసు లోపం కాదనుకుంటున్నాను. ఇక్కడి మిస్త్రీని పిలిస్తే తీరిగ్గా మధ్యాహ్నం వచ్చాడు, ఆయన తిప్పగానే వెలిగింది, "బావుంది కదా బాబూ" అని విజిటింగ్ చార్జి పుచ్చుకుని వెళ్లిపోయాడు. పిల్లలకి స్కూలు ఏడింటికి. రోజూ పొద్దున్నే టెన్షన్ అయిపోతోంది. దీని సంగతి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

టార్చిలైటు (రాయగడ)

వందకి తొంభై కేసులు సెల్లులే బ్రదర్. ఏ సెల్లులు వేశావు? కొట్టువాడు ఇచ్చిన చవకరకం మోటు సెల్లులైతే చలికి నీరసపడిపోతాయి. ఆల్కలైన్ అని రాసి ఉన్నవి తెచ్చి వెయ్యి. రెండూ ఒకే కంపెనీవి, రెండూ కొత్తవి ఉండాలి, ఒకటి పాతది ఒకటి కొత్తది వేస్తే దండగ. సెల్లులు పెట్టే డబ్బాలో స్ప్రింగుల దగ్గర తెల్లగానో పచ్చగానో చిలుం పట్టి ఉందేమో కూడా చూడు.

కొండమీద కాపురం (సెమిలిగూడ)

కొట్టులో అడిగి తెచ్చినవే, ఆల్కలైనో కాదో చూడలేదు. సాయంత్రం చూస్తాను. కానీ టిక్ టిక్ గట్టిగానే వినిపిస్తోంది, సెల్లు నీరసపడితే అంత చప్పుడు వస్తుందా?

జయపురం మిస్త్రీ

వస్తుందండీ. అక్కడే చాలామంది పొరపడతారు. నిప్పురవ్వ కొట్టడానికి కరెంటు చాలా తక్కువ పడుతుంది, గ్యాసు దారి తెరిచే సోలనాయిడ్ వాల్వు లాగడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. సెల్లు సగం చచ్చినా టిక్ టిక్ వినిపిస్తూనే ఉంటుంది, వాల్వు మాత్రం కదలదు. మల్టీమీటరు ఉంటే ఊరికే కొలవకండి, కుళాయి తిప్పి టిక్ టిక్ కొడుతున్నప్పుడు కొలవండి. రెండు సెల్లులు కలిపి మూడు వోల్టులు ఉండాలి. ఊరికే ఉన్నప్పుడు మూడు చూపించి, పని మొదలవగానే రెండున్నర కిందికి జారిపోతే సెల్లులు పారేయండి.

నేను జయపురంలో స్టవ్వులూ గీజర్లూ బాగుచేస్తాను. ముందు మీ గీజర్ ఏ వరసలో పనిచేస్తుందో చెబుతాను, ఎక్కడ ఆగిపోతోందో చెవితోనే పట్టుకోవచ్చు.

కుళాయి తిప్పగానే నీళ్ల వత్తిడికి లోపలున్న రబ్బరు పొర, డయాఫ్రం అంటాం, పైకి ఉబ్బి ఒక పిన్నును తోస్తుంది. ఆ పిన్ను మైక్రోస్విచ్‌ని నొక్కుతుంది. అప్పుడే టిక్ టిక్ మొదలు. ఇంచుమించు అదే సమయానికి సోలనాయిడ్ "టక్" మని ఒక్క చప్పుడు చేసి గ్యాసు వదులుతుంది. మంట అంటుకుంటే, రవ్వ కొట్టే పుల్ల పక్కనున్న రెండో పుల్ల, అదే ఫ్లేమ్ సెన్సర్, ఆ మంటని కనిపెట్టి లోపలున్న సర్క్యూట్ బోర్డుకి చెబుతుంది, టిక్ టిక్ ఆగిపోయి మంట నిలబడుతుంది. కొన్ని సెకన్లలో మంట కనబడకపోతే బోర్డు గ్యాసు కట్టేస్తుంది. మీ గీజర్‌లో చప్పుడు ఆగిపోవడం అందుకే. అది లోపం కాదు, మిమ్మల్ని కాపాడే ఏర్పాటు.

కాబట్టి మీకు టిక్ టిక్ వినిపిస్తోందంటే నీళ్ల వత్తిడి చాలుతోంది, డయాఫ్రం, మైక్రోస్విచ్ రెండూ పనిచేస్తున్నాయి. నీళ్ల వైపు చూడక్కర్లేదు. ఈ తంటా టిక్ టిక్ కూడా రానివాళ్లకి. వాళ్లు ముందు నీళ్లు వచ్చే చోట ఉన్న చిన్న జాలీ విప్పి చూడాలి, ట్యాంకులోని ఇసుకా నాచూ అంతా అక్కడే పేరుకుంటుంది. ట్యాంకు ఎత్తు కూడా చూసుకోవాలి. గీజర్ డబ్బా మీద 0.025 మెగాపాస్కల్ అని ఉంటే నీటిమట్టం గీజర్‌కి కనీసం రెండున్నర మీటర్ల పైన ఉండాలని అర్థం. ఒకటే అంతస్తు ఇళ్లలో ట్యాంకు నేరుగా స్లాబు మీద కూర్చుని ఉంటుంది, గీజరేమో గోడమీద ఎత్తుగా ఉంటుంది, ఇక వత్తిడెక్కడిది?

మీ సంగతిలో రెండే అనుమానాలు, కరెంటో గ్యాసో. పొద్దున్న తిప్పినప్పుడు ఆ ఒక్క "టక్" వినిపిస్తోందా? వినిపిస్తే సెల్లుల మీద అనుమానం తగ్గించి గ్యాసు వైపు రండి.

ఇంకొకటి. మధ్యాహ్నం "భగ్గున" అంటుకుంటోంది అన్నారు, అది నాకు నచ్చలేదు. సరిగ్గా ఉన్న గీజర్ మెత్తగా "ఫుస్" మని అంటుకుంటుంది. భగ్గుమంటోందంటే రవ్వ పడేలోపు లోపల గ్యాసు పోగవుతోందన్నమాట. రవ్వ కొట్టే పుల్ల మీద మసి పట్టి ఉంటుంది, లేదా అది వంగి బర్నరుకి దూరమై ఉంటుంది. ఆ సందు మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు ఉంటే చాలు.

ఎండకోసం (దామన్‌జోడి)

ఇంత శాస్త్రం అక్కర్లేదు. సిలిండరు మీద ఒక చెంబు మరిగే నీళ్లు పోయండి, ఠక్కున వెలుగుతుంది. లేదంటే హోటల్ వాళ్లు వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్ తగిలించండి, మా పక్కింటాయన అదే చేశాడు.

జయపురం మిస్త్రీ

దయచేసి ఈ రెండూ ఎవరూ చెయ్యకండి. మరిగే నీళ్లు పోస్తే సిలిండరు లోపల వత్తిడి ఎంత పెరుగుతుందో మన చేతిలో ఉండదు. ఇక ఇంటి గీజరూ స్టవ్వూ 30 మిల్లీబార్ల వత్తిడికి తయారైనవి. ఆ హోటల్ రెగ్యులేటర్ దానికి ఎన్నో రెట్లు ఎక్కువ వదులుతుంది, లోపలి వాల్వు తట్టుకోదు, మంట మూతి దాటి బయటికి వస్తుంది. పక్కింటాయనతో కూడా తీయించెయ్యండి బాబూ.

లెక్కల మాస్టారు (బరంపురం)

స్టవ్వు మండుతోంది కాబట్టి గ్యాసు లోపం కాదన్నారు కదా, అక్కడొక చిన్న లెక్క ఉంది. ఆరు లీటర్ల గీజర్ పూర్తిగా మండితే గంటకి దాదాపు ఒక కిలో గ్యాసు తాగుతుంది. స్టవ్వు మీది పెద్ద బర్నరు పూర్తిగా తెరిచినా అందులో అయిదో వంతు. గీజర్ మంట అంటే అయిదు పొయ్యిలు ఒక్కసారి వెలిగించినట్టు. స్టవ్వుకి చాలిన గ్యాసు గీజర్‌కి చాలాలని లేదు.

సిలిండరులో ఉండేది ద్రవం. అది ఆవిరైతేనే మనకి గ్యాసు, ఆవిరవడానికి చుట్టూ ఉన్న గాలి నుంచి వేడి లాక్కుంటుంది. మన గ్యాసులో ప్రొపేన్, బ్యూటేన్ కలిసి ఉంటాయి. ప్రొపేన్ సున్నాకి 42 డిగ్రీల కిందే మరిగిపోతుంది, దానికి ఏ చలీ లెక్కలేదు. బ్యూటేన్ మరిగేది మాత్రం సుమారు సున్నా దగ్గర. బరంపురంలో మాకు ఈ బాధ తెలియదు, సముద్రం పక్కనున్నాం. మీరున్నది దాదాపు 900 మీటర్ల ఎత్తున, దేవమాలి కొండ నీడలో, డిసెంబరు జనవరిలో పొద్దున్నపూట పది డిగ్రీల లోపుకి పడిపోయే చోట. రాత్రంతా వరండాలో చల్లబడిన సిలిండరులో వత్తిడి ఎలాగూ తక్కువ. పైగా గీజర్ ఒక్కసారిగా లాగేసరికి ద్రవం ఇంకా చల్లబడుతుంది, వత్తిడి ఇంకా పడిపోతుంది. కాసేపు వెలిగి ఆరిపోవడం అందుకే కావచ్చు. మధ్యాహ్నానికి సిలిండరు వెచ్చబడుతుంది, రోగం మాయం.

సిలిండరు అయిపోవచ్చే దశలో ఇది ఎక్కువ. వాడేకొద్దీ ప్రొపేన్ ముందు పోతుంది, అడుగున మిగిలేదాంట్లో బ్యూటేన్ పాలు ఎక్కువ. ద్రవం తగ్గేకొద్దీ వేడి అందుకునే గోడ కూడా తగ్గిపోతుంది. మీ సిలిండరులో ఎంత మిగిలిందో తూచి చూడండి. ఖాళీ సిలిండరు బరువు దానిమీదే రాసి ఉంటుంది, నిండుగా ఉంటే దానికి 14.2 కిలోలు కలపాలి.

టార్చిలైటు (రాయగడ)

మాస్టారు చెప్పింది వింటే మా ఇంట్లో సంగతి గుర్తొచ్చింది. గీజర్ నడుస్తుండగా వెళ్లి సిలిండరు కింది భాగం ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటుంది, బయట సన్నగా చెమట కూడా పడుతుంది. ఆ చెమట ఎంతవరకు ఉంటే గ్యాసు అంతవరకు ఉన్నట్టు. సెల్లుల మాట మాత్రం నేను వదలను.

పర్లాకిమిడి పిన్ని

బాబూ, మీరంతా వెలిగించే మాటలే మాట్లాడుతున్నారు. ఆ గీజర్ ఉన్నదెక్కడ? బాత్రూములోనా, బయటా? పిల్లలున్న ఇల్లంటున్నావు. చలికని తలుపులూ కిటికీలూ బిగించుకుని లోపల గీజర్ నడిపిస్తే ఏమవుతుందో ఎవరైనా చెప్పారా నీకు?

కొండమీద కాపురం (సెమిలిగూడ)

పిన్నిగారూ, లోపలే ఉందండీ. ఓనరు గారు అక్కడే పెట్టించారు. పైన వెంటిలేటరు ఉంది కానీ, మాకంటే ముందున్నవాళ్లు చలిగాలి రాకుండా దానికి అట్ట కొట్టేశారు, అది అలాగే ఉంది. పొగ ఎప్పుడూ కనబడలేదు.

పర్లాకిమిడి పిన్ని

ఆ అట్ట ఇవాళే పీకెయ్యి. కనబడే పొగ కాదు నాయనా భయం. గ్యాసు లీకైతే వాసనొస్తుంది, వాసన కోసమే అందులో ఒక మందు కలుపుతారు. గాలి చాలక మంట అరకొరగా మండితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగూ లేదు, వాసనా లేదు. ఆక్సిజన్ కంటే అది రెండొందల రెట్లు గట్టిగా రక్తానికి పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, ఆ తర్వాత లేవడానికి కాళ్లు సహకరించవు. నేను ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను, స్నానానికెళ్లి బయటికి రానివాళ్లని తలుపులు పగలగొట్టి తీసుకొచ్చిన కేసులు చూశాను. స్నానం చేశాక ఎవరికైనా తల దిమ్ముగా ఉంటోందేమో ఇంట్లో అడిగి చూడు.

కొండమీద కాపురం (సెమిలిగూడ)

మా ఆవిడని అడిగాను. "అవును, స్నానమయ్యాక తల బరువుగా ఉంటుంది, చలికేమో అనుకున్నాను" అంది. అట్ట పీకేశాను. గీజర్ వాడకం ఆపేశాను, ప్రస్తుతానికి స్టవ్వు మీదే నీళ్లు కాచుకుంటున్నాం.

జయపురం మిస్త్రీ

పిన్నిగారు నాకంటే ముందు అడిగారు, మంచిపని చేశారు. నేనూ అదే అడగబోతున్నాను. గీజర్ బాత్రూము బయట, గాలి ఆడే చోట ఉండాలి. వేడినీళ్ల పైపు ఒక్కటే లోపలికి పోవాలి. ఓనరు గారితో మాట్లాడి వెనక వరండా గోడకి మార్పించుకోండి, రెండు మూడు అడుగుల పైపు, గోడకి ఒక బెజ్జం, అంతే పని. ఒప్పుకోకపోతే ఈ పోస్టు చూపించండి.

మంట రంగు కూడా చూడండి. నీలంగా ఉంటే సరే. పసుపు కలిసినా, పైన రాగి గొట్టాల మీద నల్లగా మసి కట్టినా ఆ బర్నరు విప్పి తోమాలి. నెలల తరబడి వాడని గీజర్లలో సాలీడు గూడు కట్టడం నేను మామూలుగా చూసేదే, సన్నటి గ్యాసు రంధ్రాల ముందు ఒక్క పోగు ఉన్నా గాలి సరిగ్గా కలవదు. మీది వేసవంతా పడుకున్న గీజర్ కదా.

గ్యాసు వాల్వు మాత్రం మీరు విప్పకండి. సెల్లులు మార్చడం, జాలీ కడగడం, పైపు కీళ్ల దగ్గర సబ్బు నురగ రాసి బుడగలొస్తున్నాయా చూడటం, ఇవి ఇంట్లో చేసుకోవచ్చు. కవరు విప్పే పని మిస్త్రీది. ఒకటి రెండుసార్లు తిప్పినా అంటుకోకపోతే ఆపేసి కిటికీ తెరిచి కాసేపు వదిలెయ్యండి. మన గ్యాసు గాలికంటే బరువు, నేలబారుగా పరుచుకుంటుంది, వరసపెట్టి తిప్పుతూ పోతే ఒక్క రవ్వకి మొహం కాలుతుంది. అగ్గిపుల్ల గీసి లోపలికి పెట్టేవాళ్లున్నారు, వాళ్లకి నేను చెప్పేదేమీ లేదు. వాసన గట్టిగా వస్తే స్విచ్చులు ముట్టకుండా రెగ్యులేటర్ కట్టేసి బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్యండి, ఆ నంబరు ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది.

ఎండకోసం (దామన్‌జోడి)

చెంబు నీళ్ల సంగతి వెనక్కి తీసుకుంటున్నాను సార్లూ. ఇంత గోలెందుకు, కరెంటు గీజర్ పెట్టుకోవచ్చు కదా?

లెక్కల మాస్టారు (బరంపురం)

పెట్టుకోవచ్చు, నిజానికి బాత్రూము లోపలే ఉండాలంటే నేను అదే చెబుతాను, ఎర్తింగ్ సరిగ్గా ఉంటే. పదిహేను లీటర్ల ట్యాంకు గీజర్ రెండు కిలోవాట్లు లాగుతుంది, వైరింగు దానికి తగ్గట్టు ఉండాలి, అద్దె ఇంట్లో అది ఓనరు దయ. పొద్దున్నే కరెంటు పోయే రోజుల్లో గ్యాసుదే పైచేయి. ఎవరి ఇంటికి తగ్గది వాళ్లది.

కొండమీద కాపురం (సెమిలిగూడ)

అందరికీ అప్‌డేట్. ఓనరు గారు మంచి మనిషి, మా ఆవిడ తలనొప్పి మాట వినగానే కంగారుపడి మనిషిని పంపించారు. గీజర్ వరండా గోడకి మారింది, పైన రేకు ఉంది కాబట్టి వాన పడదు. ఈసారి వచ్చిన మిస్త్రీ నేను అడక్కుండానే కవరు విప్పి, రవ్వ కొట్టే పుల్ల చూపించాడు. పింగాణీ గొట్టం మీద నల్లటి పొర, పుల్ల చివర తెల్లటి పెంకు, బర్నరుకి అది చిటికెన వేలంత దూరంలో వంగి ఉంది. సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది దగ్గరికి వంచాడు. బర్నరు లోంచి బూజు కూడా ఊడింది, జయపురం మిస్త్రీగారు చెప్పినట్టే.

తర్వాత సాయంత్రం తిప్పితే మెత్తగా అంటుకుంది, మంట నీలంగా ఉంది. పొద్దున్న మాత్రం అంటుకుంది కానీ కాసేపటికి మళ్లీ ఆరిపోయింది. అప్పుడు మాస్టారి లెక్క ప్రకారం సిలిండరు తూయించాను, అడుగంటడానికి వచ్చేసింది. దానికి తోడు అదే సమయానికి మా ఆవిడ స్టవ్వు మీద ఒక పొయ్యిపై టీ, ఇంకో పొయ్యిపై ఇడ్లీ పెడుతుంది. రెండో సిలిండరు తగిలించి, స్టవ్వు ఆపి తిప్పితే పిల్లలిద్దరి స్నానాలూ అయ్యేదాకా ఆరలేదు.

సెల్లులు ఆల్కలైన్ కావు. టిక్ టిక్ కొడుతుండగా కొలిస్తే 2.3 చూపించింది. టార్చిలైటు బ్రదర్, నీ మాట కూడా నెగ్గింది, మార్చేశాను.

టార్చిలైటు (రాయగడ)

చెప్పాను కదా!

జయపురం మిస్త్రీ

అంటే మూడూ కలిసి వచ్చాయన్నమాట. నీరసపడ్డ సెల్లులతో, మసి పుల్లతో వెచ్చటి పూట ఎలాగో నెట్టుకొచ్చింది, చలికి గ్యాసు కూడా తగ్గేసరికి చేతులెత్తేసింది. మీ మొదటి మిస్త్రీ మధ్యాహ్నం రాకుండా పొద్దున్న వచ్చి ఉంటే అప్పుడే తేలేది. గీజర్ పనికి మనిషిని పిలిచేవాళ్లు అది చెడే వేళకే రమ్మనండి, చార్జి కొంచెం ఎక్కువైనా ఇవ్వండి.

వీలైతే గీజర్‌కి ఒక సిలిండరు విడిగా పెట్టుకోండి, డబుల్ కనెక్షన్ ఉంది కదా. అది నేల మీద కాకుండా చెక్క మీద నిలబెట్టండి, గాలి తగిలేలా. దుప్పట్లు చుట్టకండి, చుడితే బయటి వేడి కూడా లోపలికి పోదు. ఆరెంజి రంగు సురక్షా పైపు మీద తేదీ చూడండి, అయిదేళ్లు దాటితే మార్చెయ్యాలి.

పర్లాకిమిడి పిన్ని

మీ ఆవిడ తలనొప్పి తగ్గిందా?

కొండమీద కాపురం (సెమిలిగూడ)

తగ్గింది పిన్నిగారూ. గీజర్ వాడడం ఆపిన దగ్గర్నుంచీ లేదట. పైపు మీద తేదీ అరిగిపోయి కనబడటం లేదు, మిస్త్రీగారూ, కొత్తది గ్యాసు ఏజెన్సీలోనే తీసుకోవాలా, బయట దొరికేవి వాడొచ్చా?

జయపురం మిస్త్రీ

ఏజెన్సీలోనే తీసుకోండి, ఐఎస్‌ఐ ముద్ర చూసి. పచ్చ రంగు పాత రబ్బరు గొట్టం ఎవరైనా చవకగా ఇస్తానంటే వద్దనండి, ఎలుక ఒక్క రాత్రిలో కొరికేస్తుంది.